శాలువాలు ముందా, పాట ముందా?

రవీంద్రభారతిలో సాయంత్రం ఆరింటికి గాత్ర కచేరీ అని ఆహ్వాన పత్రికలో ఉంటే, ఏడున్నరకు వెళ్లినా పోయేదేమీ లేదని హైదరాబాద్‌లో పాట వినే అలవాటున్న వాళ్లందరికీ తెలుసు. ఆరింటికి మొదలయ్యేది జ్యోతి ప్రజ్వలన. తర్వాత సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథులు, వాళ్లలో ఇమడని వాళ్ల కోసం ఆత్మీయ అతిథులు. పాడాల్సిన మనిషి మాత్రం తెర పక్కన నిలబడి ఉంటుంది.

ఠాగూర్ శతజయంతి వచ్చిన 1961లో ఈ హాలు తలుపులు తెరుచుకున్నాయి. ప్రారంభించింది సర్వేపల్లి రాధాకృష్ణన్. బెంగళూరు రవీంద్ర కళాక్షేత్ర, కలకత్తా రవీంద్ర సదన్ కూడా ఆ శతజయంతి పుణ్యమే. ఊరికో మంచి రంగస్థలం ఉండాలని, దాన్ని సర్కారే కట్టాలని అప్పటి పాలకులు నమ్మారు. ఆ నమ్మకం ఫలం తిన్న తరం మాది.

నాన్న చెయ్యి పట్టుకుని లకడీకాపూల్‌లో బస్సు దిగి నడిచిన రోజుల్లో నాకు సంగీతం కన్నా పద్య నాటకమే ఇష్టం. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం చివర రాగం లాగుతుంటే వెనక వరసల్లోంచి 'వన్స్ మోర్' అని కేక పడేది. హార్మోనియం వాయించే ఆయన తల కూడా ఎత్తకుండా మళ్లీ అదే శ్రుతి అందుకునేవాడు. కృష్ణుడు కిరీటం సర్దుకుని, ఇంకా పెద్ద రాగం తీసేవాడు. మా నాన్నకు ఈ కేకలు నచ్చేవి కావు. నాకు నాటకం కంటే అవే గుర్తున్నాయి.

పెళ్లయ్యాక కూచిపూడికి, పిల్లలు పుట్టాక వాళ్ల స్కూలు డ్యాన్సులకు, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో కచేరీలకు అదే హాలుకు వెళుతున్నాను. అప్పట్లో ఉపన్యాసాలు లేవని అబద్ధం చెప్పను. ఉండేవి. కానీ మాట్లాడేవాడికి తొందరగా దిగిపోవాలన్న భయం ఉండేది, ఎందుకంటే జనం చప్పట్లు కొట్టి దించేసేవారు. ఇప్పుడు ఫొటో పడేదాకా ఎవరూ దిగరు.

ఈమధ్య ఒక కచేరీలో పక్క సీట్లోంచి తెర వెనక భాగం కనిపించింది. మృదంగ విద్వాంసుడు నాదం కోసం ఎడమ వైపు తోలు మూతకు తడి రవ్వ అద్ది సిద్ధంగా ఉన్నాడు. వేదిక మీద శాలువాల వరస సాగుతూనే ఉంది. ఏసీ గాలికి రవ్వ ఎండుతుంటే ఆయన వేళ్లు నీళ్లలో ముంచి తడుపుతున్నాడు. కుడి మూతను రాయితో తట్టి శ్రుతి చూసుకుంటున్నాడు, మళ్లీ తడుపుతున్నాడు. చివరకు తెర తీసేసరికి హాలు అద్దె గడువు దగ్గరపడింది. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం, రెండు నిమిషాల్లో ముగించమని సైగ వచ్చింది.

సన్మానాలు వద్దనడం లేదు. సర్కారీ హాలు కాబట్టే చిన్న సంస్థలు, చిన్న ఊళ్ల కళాకారులు, మొదటిసారి గజ్జె కట్టిన పిల్లలు ఇక్కడ వేదిక ఎక్కగలుగుతున్నారు. ఆ ఖర్చుకు దాతలు కావాలి, దాతకు దండ కావాలి. ఇందులో తప్పేం లేదు. వరస తిరగబడటమే నా ఫిర్యాదు. డిసెంబరులో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో మన త్యాగయ్య తెలుగు కీర్తన చెప్పిన టైముకు మొదలవుతుంది. తెలుగు వాళ్ల హాల్లో అదే కీర్తన వందన సమర్పణ కోసం కాచుకుని కూర్చోవాలా?

హాలు ప్రభుత్వానిది, బుకింగ్ షరతులూ ప్రభుత్వానివే. వాటిలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు: శాలువాలు మంగళం పాడాకే. అప్పుడు ముఖ్య అతిథులు మంగళం దాకా కూర్చుంటారా అన్నది వేరే సంగతి.