వార్షికాంత కార్యక్రమ పట్టిక గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ వార్షికాంత కార్యక్రమ పట్టిక గారి దివ్యసముఖమునకు, నాలుగో తరగతి ఉపాధ్యాయురాలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ మాట రాసిన వెంటనే నాకు సందేహం కలిగింది. ఉత్తరం మొదట్లోనే కుశలం తలచుకోవడం పాతకాలపు అలవాటు. మీ ఏలుబడిలో కుశలానికి వేరే ముహూర్తం ఉన్నది. అది మంగళవారం, గురువారం 10:40 నుంచి 10:43 వరకు. నేను ఈ లేఖను బుధవారం సాయంత్రం రాస్తున్నాను కనుక, వేళగాని వేళ అడిగిన ఆ కుశలాన్ని వెనక్కి తీసుకొని నేరుగా విషయానికి వస్తాను.

తమరు తరగతి గోడకు వేంచేసి నేటికి ఏడు రోజులు. లామినేషన్ తొడుగులో నిగనిగలాడుతూ, చివరి పది పనిదినాలను మూడు నిలువు వరుసలుగా పంచుకొని, అభ్యసనం, కోడింగ్, మానసిక శ్రేయస్సు అనే మూడు శాఖలను ఒంటిచేత్తో నిర్వహిస్తున్నారు. ఒక్క గడి కూడా ఖాళీగా లేకుండా ఇంత కిక్కిరిసిన రూపం మీకు ఎలా వచ్చిందా అని మొదట ఆశ్చర్యపోయాను కానీ, కింది తరగతి పిల్లలు ఆడుకొనే తేనెటీగ బొమ్మను చూశాక రహస్యం తెలిసింది. బీ-బాట్ అనే ఆ బొమ్మ వీపుమీద ముందుకు బాణం ఒకసారి నొక్కితే 15 సెంటీమీటర్లు నడుస్తుంది. పక్కకు బాణం నొక్కితే ఉన్నచోటనే 90 డిగ్రీలు తిరుగుతుంది. అయితే పాత ఆజ్ఞలను చెరిపే మీటను నొక్కడం మరచి కొత్తవి ఇస్తే, అది పాతవాటన్నిటినీ ఒక్కటీ వదలకుండా నడిచి, ఆ తరువాతనే కొత్తదాని జోలికి వస్తుంది. ఆరేళ్ల పిల్లలు రెండుసార్లు గోడకు గుద్దుకొన్నాక చెరిపే మీట ఎక్కడుందో వెతుక్కొంటారు. మీ విషయంలో ఆ మీటను ఇంతవరకు ఎవరూ వెతకలేదు. మూడేళ్ల కిందటి చేతిరాత పోటీ, రెండేళ్ల కిందటి కృతజ్ఞతా వృక్షం, నిరుటి రోబో కవాతు, ఈ ఏటి 'భావోద్వేగ కోడింగ్' అన్నీ ఒకదాని వెనుక ఒకటి నడుస్తూనే ఉన్నాయి.

మీ మొదటి శాఖను గురించి ఎక్కువ చెప్పను. 'నా అభ్యసన ప్రయాణం' అనే అట్టమీద దారి బొమ్మ గీసి, దారి పొడుగునా మైలురాళ్లు నాటి, ఒక్కొక్క రాతిమీద ఈ ఏడాది నేర్చుకొన్న ఒక్కొక్క సంగతి రాయమన్నారు. పిల్లలు అమాయకులు కనుక నిజంగానే నేర్చుకొన్నవి రాశారు. తలుపు పక్కన కూర్చుంటే గంట కొట్టగానే అందరికంటె ముందు బయటపడవచ్చునని ఒకడు రాశాడు. ఏడో ఎక్కం మరచిపోతే ఐదో ఎక్కాన్నీ రెండో ఎక్కాన్నీ కలుపుకొని రాబట్టవచ్చునని ఒకమ్మాయి రాసింది. మీ సూచనల ప్రకారం మొదటిది 'సమయపాలన' అయింది, రెండోది 'గణితంపై ఆసక్తి' అయింది. ఏడు ఎనిమిదులను నలభైకి పదహారు కలిపి రాబట్టిన పిల్ల తెలివి ఆ దిద్దుబాటులో ఎటుపోయిందో నన్ను అడగవద్దు. దిద్దిన చేయి నాదే.

అసలు మనవి కోడింగ్ శాఖను గురించి.

ఆజ్ఞలు రాసిన బ్లాకులను తెరమీద ఒకదాని కింద ఒకటి తగిలిస్తూ పిల్లలు కోడింగ్ నేర్చుకొనే స్క్రాచ్‌లోని పిల్లిని మీరు ఎరుగుదురు; మీ కుడి మూలన నారింజ రంగులో నవ్వుతూ అచ్చయి ఉన్నది ఆ పిల్లే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో దానిని లోకానికి విడుదల చేసింది. దానికి ముందు తరంలో ఒక తాబేలు ఉండేది. సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ ప్రభృతులు 1967లో లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించారు. ఆ భాషలో చెప్పిన మాట వింటూ గీతలు గీసే తాబేలు కొన్నాళ్లకు వచ్చి చేరింది. పిల్లవాడు రాసిన ఆజ్ఞల వరుస ఒప్పా తప్పా అని తేల్చడం కాదు, దానిని బాగుచేయవచ్చునా లేదా అని చూడాలని పాపర్ట్ 1980లోనే రాశాడు. తాబేలుకు పట్టిన ఆ ఓపిక మీదాకా వచ్చేసరికి, తప్పులు వెతికి దిద్దుకొనే 'డీబగ్గింగ్: 25 నిమిషాలు, తరగతి మొత్తానికి' అనే గడిగా కుదించుకుపోయింది. 2013 డిసెంబరులో మొదలైన 'అవర్ ఆఫ్ కోడ్' వారు కోడింగ్‌ను పరిచయం చేయడానికే ఒక గంట పెట్టుకొన్నారు. తమరు పరిచయమూ, పాండిత్యమూ, ధ్రువపత్ర ప్రదానమూ కలిపి అంతకంటె తక్కువలో ముగించారు. పొదుపు అంటే అదీ.

ఆ 25 నిమిషాలలో జరిగినది విన్నవించుకొంటాను. మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజాన్ని పిల్లిచేత గీయించాలన్నది పని. ఎప్పుడూ వెనుక బల్లలో కూర్చునే ఒక అమ్మాయి పెన్ను బ్లాకులను తెచ్చుకొని, పెన్ను కిందికి దించి, వంద అడుగులు నడువు, అరవై డిగ్రీలు తిరుగు, ఇదంతా మూడుసార్లు చెయ్యి అని వరుసగా పేర్చింది. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణమూ అరవై డిగ్రీలని వాళ్ల అన్నయ్య పుస్తకంలో చూసిందట, అందుకని అరవై. ఆజ్ఞలను నడిపించే పచ్చ జెండా నొక్కగానే పిల్లి మూడు గీతలు గీసింది కానీ అవి ఒకదానితో ఒకటి కలుసుకోలేదు; ఒక పక్కకు ఒరిగిపోయిన గిన్నెలాంటి ఆకారం వచ్చింది. పైగా పని ముగిశాక పిల్లి తలకిందులుగా నిలబడి ఉన్నది.

"టీచర్, పిల్లికి ఏమైంది?" అన్నది ఆ అమ్మాయి. త్రిభుజం సంగతి దానికి పట్టలేదు, పిల్లి సంగతి పట్టింది. నేను అక్కడ జవాబు చెప్పి ఉంటే మీ 25 నిమిషాలలో ఇంకా పద్నాలుగు మిగిలేవి. చెప్పలేదు, క్షమించాలి. నేలమీద సుద్దతో ఒక త్రిభుజం గీసి, "నువ్వే పిల్లివి, దీనిమీద నడువు" అన్నాను. మూల దగ్గరికి వచ్చి తిరగబోయి ఆగింది. లోపలి కోణం చిన్నదే; కానీ తాను తిరగవలసినది అది కాదు. ముందుకు సాగిపోతున్న మనిషి ఎదుటి గీత వైపు మళ్లాలంటే ఒళ్లంతా దాదాపు వెనక్కి తిప్పుకోవాలి. మూడు మూలలూ అలా తిరిగి, బయలుదేరిన చోటికి వచ్చి, మొదట చూసిన వైపే చూస్తూ నిలబడి, "ఒక చుట్టు పూర్తిగా తిరిగాను" అన్నది. చుట్టుకు 360 అని తరగతిలో ఎవరో అరిచారు. మూడుతో భాగించడానికి కొంత తంటాలు పడి 120 అని తేల్చుకొన్నారు. అరవైని మూడుసార్లు తిరిగితే 180, అంటే సగం చుట్టే. పిల్లి తలకిందులు కావడానికి కారణం అది. ఆ తరువాత ఎవరూ అడగకుండానే ఆ అమ్మాయి తన పాత అరవైని మళ్లీ పెట్టి, మూడుసార్లు అన్నచోట ఆరుసార్లు అని మార్చింది. ఆరు భుజాల బొమ్మ చక్కగా మూసుకొన్నది, పిల్లి నిటారుగా నిలబడింది. తన మొదటి జవాబు తప్పు కాదు, వేరే ప్రశ్నకు జవాబు.

దీనికి రెండు పీరియడ్లు పట్టింది. ఆ రెండింటిలో మీరు నిర్ణయించిన 'రోబో కవాతు సన్నాహం', 'ధన్యవాద పత్రాల తయారీ' జరగలేదు. ఇంతకూ ప్రదర్శనకు దోషరహితమైన ప్రాజెక్టులు మాత్రమే పెట్టాలని మీ అడుగున చిన్న అక్షరాలలో ఉన్నది కనుక, తెరమీద త్రిభుజం ఒక్కటే ఉంటుంది. ఒరిగిన గిన్నె ఉండదు, తలకిందులైన పిల్లి ఉండదు, సుద్ద గీతలను ఎలాగూ సాయంత్రం ఊడ్చేశారు. త్రిభుజాన్ని చూసి వచ్చినవారు "బాగుంది" అంటారు. నిజమే, త్రిభుజం బాగుంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే త్రిభుజాలు కూడా ఇంత బాగానే ఉంటాయి.

ఇక ఈ ఏటి కొత్త సృష్టి అయిన 'భావోద్వేగ కోడింగ్'. రెండు శాఖలను ఒకే గడిలో ఇమిడ్చిన మీ చాతుర్యానికి జోహార్లు. తన మనఃస్థితిని పిల్లిచేత చెప్పించమంటే, ఒకడు 'ఎప్పటికీ' అనే బ్లాకును తెచ్చి, దాని లోపల 'నేను సంతోషంగా ఉన్నాను' అన్న మాటను 2 సెకండ్ల చొప్పున చెప్పే బ్లాకు పెట్టాడు. స్క్రాచ్‌లో ఆ 'ఎప్పటికీ' బ్లాకు అడుగున గాడి ఉండదు. దాని కింద మరొకటి తగిలించడానికి వీలులేదు, ఎందుకంటే దాని తరువాత అనేది ఎన్నటికీ రాదు. పిల్లి అలా సంతోషిస్తూనే ఉన్నది. పక్కవాడు "సంతోషంగా లేనప్పుడు ఏం చేస్తావురా?" అని అడిగితే, "ఎర్ర గుర్తు నొక్కి ఆపేస్తా" అన్నాడు. పరిశీలనకు వచ్చిన పెద్దలకు ఈ ప్రాజెక్టు ఎంతో నచ్చింది. మీ తత్త్వాన్ని ఇంత సూక్ష్మంగా పట్టుకొన్నవాడు తరగతిలో మరొకడు లేడని నాకూ అనిపించింది.

శ్రేయస్సు శాఖకు వస్తాను. గోడమీద మీ పక్కనే నాలుగు రంగుల పటం ఉన్నది. నీరసంగానో దిగులుగానో ఉంటే నీలం, నెమ్మదిగా ఉంటే ఆకుపచ్చ, కంగారుగానో హుషారుగానో ఉంటే పసుపు, కోపం కట్టలు తెంచుకొంటే ఎరుపు. ఈ పద్ధతిని రూపొందించిన లియా కైపర్స్ 2011లో పుస్తకంగా వెలువరించింది. ఏ రంగూ చెడ్డది కాదన్నది దానికి పునాది. ఏ రంగులో ఉన్నామో గుర్తుపట్టి, అవసరమైతే ఏం చేయాలో తెలుసుకోవడమే దాని ప్రయోజనం. ఏడాది పొడుగునా పిల్లలు పొద్దున్నే తమ పేరున్న క్లిప్పును ఏదో ఒక రంగుకు తగిలించి కూర్చొంటున్నారు. తల్లిదండ్రులు వచ్చే రోజున మాత్రం 'పటం ఆకుపచ్చగా కనిపించునట్లు చూడవలెను' అని మీరు సెలవిచ్చారు. ముప్పై ఒక్క క్లిప్పులకు ఆ ఆకుపచ్చ అంచు చాలలేదు. ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చోలేక నాలుగు క్లిప్పులు రాలి కిందపడ్డాయి. అంత ఇరుకులో ప్రశాంతత దొరకడం క్లిప్పులకు కూడా కష్టమే.

10:40 నాటి శ్వాస సంగతి కూడా దాచను. ఒక చేతి వేళ్లను పరచి, రెండో చేతి చూపుడువేలితో ఒక్కొక్క వేలి అంచు వెంట పైకి పోతూ ఊపిరి తీసి, కిందికి దిగుతూ వదలడం. అయిదు వేళ్లు, అయిదు ఊపిరులు. మంచి అలవాటు, నేనూ చేస్తాను. కానీ మూడు నిమిషాలలో ఛాయాచిత్రం కూడా కలిసి ఉండటంవల్ల, మొన్న మూడో వేలి దగ్గర ఫోన్ తెర ఆరిపోయింది. ఫోటో తీసేవారు "ఒక్క నిమిషం, కదలకండి" అన్నారు. పిల్లలు వినయవంతులు, కదలలేదు, ఊపిరీ వదలలేదు. ఆ ఫోటోలో వాళ్ల ముఖాలమీద కనిపించే కాంతిని చూసి ధ్యానమహిమ అని అందరూ మెచ్చుకొంటున్నారు.

చివరగా ఒక నేరాన్ని ఒప్పుకోవలసి ఉన్నది. తరగతిలో బెంగల పెట్టె అని ఒకటి ఉన్నది. నోటితో చెప్పలేని దిగుళ్లను పిల్లలు చీటీమీద రాసి అందులో వేస్తారు. ఈ రోజు మధ్యాహ్నం 2:20 నుంచి 2:40 వరకు మీరు నిర్దేశించిన పని 'బెంగల పెట్టె అలంకరణ'. దానిని తెరవడానికి మాత్రం పది రోజులలో ఎక్కడా గడి లేదు. రెండుసార్లు వెతికాను, లామినేషన్ మెరుపులో కనిపించలేదేమోనని పక్కకు వంగి కూడా చూశాను. మెరుపు కాగితాలు చేతిలో పెట్టుకొని పెట్టెను ఎత్తితే బరువుగా ఉన్నది. మూత తీశాను.

వారంలో వేసిన చీటీలు ఇరవై ఆరు. వాటిలో పదిహేను చీటీలలో ఉన్నది ఒకే ప్రశ్న, రకరకాల చేతిరాతలలో: వచ్చే ఏడాది మా టీచర్ ఎవరు? మరో ఆరుగురు తమ స్నేహితులు తమ సెక్షన్‌లోనే ఉంటారా అని అడిగారు. ఒకరు ఈ పెట్టెను ఎవరైనా చదువుతారా అని రాసి, పేరు రాసి, మళ్లీ కొట్టేశారు. మిగిలినవి ఇక్కడ చెప్పేవి కావు. నేలమీద చుట్టూ కూర్చొన్నాం. సెక్షన్లు ఇంకా తేలలేదనీ, వచ్చే ఏడాది టీచర్ ఎవరో నాకూ చెప్పలేదనీ చెప్పాను. మా టీచర్లకు కూడా తెలియని సంగతులుంటాయా అని వాళ్లు కాసేపు విస్తుపోయారు. తరువాత ఎవరికి ఎవరి పక్కన కూర్చోవాలని ఉన్నదో మాట్లాడుకొన్నారు, ఇద్దరు పోట్లాడుకొని రాజీపడ్డారు. 2:40కి గంట కొట్టినది మాకు వినబడలేదు. ఆ తరువాతి గడి కూడా అలాగే పోయింది. అందులో ఏమున్నదో ఇప్పుడు చూసి చెప్పగలను కానీ, తమకు తెలిసినదే కదా.

కనుక పెట్టె అలంకరణ జరగలేదని ఇందుమూలముగా తెలియజేసుకొంటున్నాను. మెరుపు కాగితాలు బీరువా రెండో అరలో, కట్ట విప్పకుండా, లెక్కకు సరిగ్గా ఉన్నాయి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ ఎదుటి గోడకు బల్ల వేసుకొని కూర్చొనే
నాలుగో తరగతి ఉపాధ్యాయురాలు