స్క్రీన్‌షాట్ తీశాం కదా, నొప్పి తగ్గే ఉంటుంది

పాలియేటివ్ కేర్‌లో, అంటే తీవ్రమైన జబ్బుల్లో నొప్పినీ బాధనీ తగ్గించే వైద్యంలో, 'మెంటార్‌షిప్' అంటే ఏమిటని ఇంకా అడిగేవాళ్లున్నారట. చెబుతా వినండి. గంటసేపు ఆన్‌లైన్ సమావేశం. అందులో పావుగంట అధ్యక్షుల వారి పరిచయం. ముఖ్య అతిథి స్లైడ్లు తెరుచుకోక ఇంకో పది నిమిషాలు. చివర్లో "అందరూ కెమెరాలు ఆన్ చేసి నవ్వండి" అంటూ స్క్రీన్‌షాట్. ఇక్కడ మాత్రం ఎవరికీ తొందరుండదు. ఒకరి ముఖం చీకట్లో పడిందని, ఇంకొకరి పేరు ముందు 'డాక్టర్' లేదని మూడుసార్లు తీస్తారు.

ఈ సందట్లో ఒక నర్సు చెయ్యెత్తింది. రోగికి నొప్పి తగ్గడానికి నోటి ద్వారా మార్ఫిన్ నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాములు. రాత్రి రెండింటికి వేశారు. మూడున్నరకి నొప్పి పదికి ఎనిమిది. అవసరమైతే ఇంకో పది ఇవ్వమని కేస్‌షీట్లో రాసే ఉంది. డ్యూటీ డాక్టరేమో "ఊపిరాగిపోతే? ఆరింటిదాకా చూద్దాం" అన్నాడు. ఏం చెయ్యాలి?

"చాలా మంచి ప్రశ్న" అన్నారు మెంటారు గారు. "లోతైన నైతిక సందిగ్ధం. వచ్చే నెల వివరంగా చర్చిద్దాం." వచ్చే నెల! పాపం, ఆ రోగికి ముందే చెప్పి ఉంటే నొప్పిని అప్పటికి వాయిదా వేసుకునేవాడు.

సందిగ్ధమా, నా తలకాయా? రోజుకి మొత్తం 60 మిల్లీగ్రాములు, అదనపు డోసు అందులో ఆరోవంతు, అంటే 10. డోసు లెక్క సరిగ్గానే ఉంది. మనిషి పిలిస్తే పలుకుతున్నాడు, నిమిషానికి 14 శ్వాసలు. మార్ఫిన్ ఎక్కువైతే ముందు మత్తు కమ్ముతుంది, ఊపిరి తగ్గేది ఆ తర్వాత. కాబట్టి మత్తు చూడాలి. కిడ్నీలు చెడితే లెక్క వేరు. మందు అవశేషాలు పేరుకుని ఒళ్లు ఉలిక్కిపడుతుంది. అదేమీ లేదంటే పది ఇచ్చి, గంటకి మళ్లీ నొప్పి అడిగి రాయాలి. ఆరింటి డోసు ఆపకూడదు. అదనపు డోసులు మాటిమాటికీ పడుతుంటే అసలు డోసే పెంచాలి. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటిరోజు నుంచే. వికారం కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది గానీ మలబద్ధకం సర్దుకోదు. ఇంతే, నాలుగు నిమిషాల పాఠం. ఆ నాలుగు నిమిషాలూ అధ్యక్షుల వారి పురస్కారాలు మింగేశాయి.

చెయ్యాల్సింది తెలిసీ, సంస్థ చెయ్యనివ్వక నర్సు పడే యాతనకి 1984లో అమెరికా తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 'మోరల్ డిస్ట్రెస్' అని పేరు పెట్టాడు. మనవాళ్లు దానికీ ఓ సెషన్ పెట్టారు. తేల్చిందేమిటయ్యా అంటే, నర్సులు కళ్లు మూసుకుని గాఢంగా ఊపిరి పీల్చాలట! ఆ డాక్టరు కాదంటే పై డాక్టర్ని లేపమని, ఆ నంబరు వార్డు గోడకి అంటించమని అన్నవాడు లేడు. ఒక మనిషి తెల్లవార్లూ మంచం కమ్మీ పట్టుకుని మూలుగుతుంటే, మందు చేతికందే దూరంలో పెట్టుకుని నిలబడ్డ ఆవిడకి ఊపిరి పీల్చడం నేర్పుతారా? సిగ్గుండక్కర్లా?

పైగా దీని పేరు 'పరస్పర విజ్ఞాన మార్పిడి'. ఈ వైద్యానికి దారి వేసిన సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల ఆశ్రయం) తెరిచిందని ప్రతి స్లైడ్లోనూ ఉంటుంది. డాక్టరు కాకముందు ఆవిడ లండన్ సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో వాలంటీరుగా ఉంటూ, నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళకి మార్ఫిన్ ఇవ్వడం అక్కడి నర్సుల దగ్గరే చూసిందన్న సంగతి మాత్రం ఏ స్లైడ్లోనూ ఉండదు. ఆ నర్సులే ఇవాళ లాగిన్ అయితే, "సిస్టర్, మ్యూట్‌లో ఉండండి, ప్రశ్నలుంటే చాట్‌లో పెట్టండి."