స్వాహిలీ పట్టణాలను కట్టింది ఆ తీరపు మనుషులే

ఆఫ్రికా తూర్పు తీరంలోని కిల్వా, గేది, లాము వంటి పాత స్వాహిలీ పట్టణాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా, బాగా చదువుకున్నవారు సైతం ‘అవి అరబ్బులు వచ్చి కట్టిన ఊళ్లు’ అని ఒక్క మాటలో తేల్చేయడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఆఫ్రికన్లకు రాతి భవనాలు, నాణేలు, రాత ఉండవని ముందే నిర్ణయించుకున్న వలస పాలకులూ వారి పండితులూ కళ్లెదుట కనబడుతున్న మసీదులకు బయటివారిని కర్తలుగా చూపించారు. ఆ పాలన ముగిసి అరవై ఏళ్లు దాటింది. ఆ మాట మాత్రం నేటికీ చెలామణీలోనే ఉంది.

దీనికి జవాబు నేల పొరల్లోనే ఉంది. కెన్యాలోని పాటే దీవిపై షాంగా అనే పాడుబడిన ఊరుంది. 1980లలో పురావస్తు శాస్త్రవేత్త మార్క్ హోర్టన్ బృందం అక్కడి జుమ్మా మసీదు కింద తవ్వితే దానికంటే పాత మసీదు, దాని అడుగున ఇంకా పాతది, ఇలా ఒకే చోట వరుసగా కట్టిన ప్రార్థనాలయాలు బయటపడ్డాయి. అన్నిటికంటే కిందిది 8వ శతాబ్దం చివరినాటి చిన్న కొయ్య కట్టడం. తరతరాలుగా దాన్ని విప్పి, పెంచి, మళ్లీ కట్టుకుంటూ వచ్చి చివరకు పగడపు రాతికి చేరుకున్నారు. ఇళ్లూ అదే దారిలో దడి మీద మెత్తిన మట్టి గోడల నుంచి రాతి గోడలుగా మారాయి. అట్టడుగు పొరల్లో దొరికిన గీతల కుండలు లోతట్టు పల్లెల్లో దొరికేవాటి కోవకే చెందుతాయి. ఎక్కడి నుంచో వచ్చినవారు తమ నగరాన్ని తమతోనే తెచ్చి అక్కడ నిలబెట్టి ఉంటే, ఇన్ని మెట్ల ఎదుగుదల ఆ నేలలో కనబడే అవకాశమే లేదు.

ఆ కట్టుబడిని కాస్త దగ్గరగా చూస్తే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. వాళ్లు వాడిన పగడపు రాయి రెండు రకాలు. సముద్రంలోని దిబ్బల నుంచి కోసి తెచ్చే పోరైట్స్ పగడం తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది, గాలి తగిలి ఆరేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే మిహ్రాబుల (మసీదులో మక్కా దిక్కును చూపే గూళ్ల) అంచులకు, గుమ్మాల చుట్టూ ఉండే నగిషీలకు దాన్నే వాడారు. నేల మీద తవ్వి తీసే గరుకు పగడపు రాయి గోడల లోపలికి పోయేది. కట్టెలు పేర్చి, వాటి మీద పగడపు ముక్కలు పోసి కాల్చి సున్నం చేసుకునేవారు. కప్పుకు మడ అడవుల దూలాలు పరచి, పైన రాతి పలకలు, సున్నపు కాంక్రీటు వేసేవారు. అంత బరువును మోయగలిగిన ఆ దూలాలే గది వెడల్పును సుమారు 2.5 మీటర్ల దగ్గర ఆపేశాయి. అందువల్లే స్వాహిలీ ఇల్లు సన్నగా పొడుగ్గా ఉండే గదులు ఒకదాని వెనుక ఒకటిగా అమరిన ఇల్లయింది. వీధి నుంచి లోపలికి పోయేకొద్దీ గది మరింత ఆంతరంగికమవుతుంది. పగడంతో కట్టే పద్ధతి ఎర్ర సముద్రపు తీరంలోని సువాకిన్‌లోనూ ఉంది కాబట్టి నైపుణ్యం ఓడల్లో అటూ ఇటూ ప్రయాణించి ఉండవచ్చు. అయినా ఏ దిబ్బ పగడం ఎప్పుడు కోయాలో, ఏ మడ దూలం ఎంత బరువు ఆపుతుందో ఆ సముద్రం పక్కనే బతికిన చేతులకే తెలుస్తుంది. సమాధి పక్కన నిలువెత్తు రాతి స్తంభం నిలిపి, అందులో చైనా పింగాణీ గిన్నెలు పొదిగే ఆచారం కూడా పూర్తిగా ఆ తీరానిదే.

టాంజానియా దక్షిణ తీరంలోని కిల్వా దీవి ఈ వాస్తుకు శిఖరం. దక్షిణాన ఉన్న సొఫాలా నుంచి వచ్చే బంగారపు వ్యాపారంతో ఆ ఊరు సంపన్నమైంది. 14వ శతాబ్దం తొలినాళ్లలో సుల్తాన్ అల్ హసన్ బిన్ సులేమాన్ అక్కడి పెద్ద మసీదును కమానులతో, గుమ్మటాలతో విస్తరించాడు. ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డున గట్టు మీద వందకు పైగా గదులతో, ఎనిమిది కోణాల కొలనుతో హుసుని కుబ్వా రాజభవనం కట్టించాడు. ఈ సుల్తాన్ల వంశం యెమెన్ మూలాలు చెప్పుకున్న మాట నిజం, ఆ భవనంలో పశ్చిమాసియా రాజసౌధాల ఛాయలు ఉన్న మాటా నిజం. అయితే 1331లో అక్కడికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా కిల్వాను అతి సుందరమైన నగరాల్లో ఒకటిగా మెచ్చుకుంటూ, దాని ఇళ్లు కొయ్యవని, కప్పులు గడ్డితో వేసినవని రాశాడు. గుమ్మటాల మసీదు ఉన్న ఊరి గురించి ఒక యాత్రికుడు ఇలా రాశాడంటే, ఆ నగరంలో అధికభాగం కొయ్య, మట్టి, గడ్డి ఇళ్లేనని నేను అర్థం చేసుకుంటాను.

ఇక్కడ నాతో ఏకీభవించేవారితో కూడా నాకొక తగవుంది. బయటి సంబంధమే లేదని వాదించడం కూడా ఆ ప్రజలకు అన్యాయమే. తమ తొలి సుల్తాన్ పర్షియా (నేటి ఇరాన్)లోని షిరాజ్ నుంచి వచ్చాడని, బట్టలిచ్చి ఆ దీవిని కొన్నాడని కిల్వా వాళ్లే తమ చరిత్రలో రాసుకున్నారు. 2023లో వెలువడిన జన్యు పరిశోధన ఆ తీరపు పట్టణాల్లో, ఒక లోతట్టు ఊరిలో 1250–1800 మధ్య నివసించిన 80 మంది అవశేషాలను పరీక్షించింది. తీరపు పట్టణాల వారిలో చాలామంది వంశంలో సగానికి పైగా ఆఫ్రికన్ తల్లుల నుంచి వచ్చింది. ఆసియా భాగంలో అత్యధికం పర్షియా పురుషులది, కొంత భారతదేశానిది. ఈ కలయిక మొదలైంది దాదాపు 1000వ సంవత్సరంలో. షాంగాలో మొదటి మసీదు అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఉంది. అంటే పర్షియా వర్తకులు వచ్చి పెళ్లాడింది అప్పటికే నిలదొక్కుకున్న ఊళ్ల ఆడపడుచులను. వారి పిల్లలు మాట్లాడింది తల్లుల భాషే, అంటే ఆఫ్రికాలోని బంటూ భాషా కుటుంబానికి చెందిన స్వాహిలీనే.

1505లో పోర్చుగీసు నౌకాదళం కిల్వాను దోచుకుంది, కెన్యా తీరంలోని మొంబాసాను తగలబెట్టింది. ఆ మంటల్లోనూ తరువాతి నిర్లక్ష్యంలోనూ రాతి గోడలు కొంతైనా మిగిలాయి, మట్టి గోడలు నేలలో కలిసిపోయాయి. మిగిలినదాన్నే నగరమంతా అనుకోవడం వల్ల సుల్తాన్లు, ధనిక వర్తకులు మాత్రమే చరిత్రలో నిలిచారు. పగడం కోసినవారు, సున్నం కాల్చినవారు, దూలాలు మోసినవారు జారిపోయారు. 1981లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన కిల్వా కిసివానీని (కిల్వా దీవిలోని ఈ శిథిలాలను) ప్రమాదంలో ఉన్న స్థలంగా 2004 నుంచి పదేళ్లు గుర్తించారు. అలల కోతకు గురవుతున్న గోడలకు మరమ్మతులు జరగడం నాకు ఎంతో సంతోషం. అయితే ఆ శిథిలాల మధ్య నేటికీ ఒక ఊరుంది, అందులో దడి మీద మట్టి మెత్తిన ఇళ్లున్నాయి. మసీదు గుమ్మటాల కంటే పాతదైన కట్టుబడి వాటిది. వాటిని కట్టడం తెలిసినవారిని అడిగి ఆ పద్ధతిని నమోదు చేయడం కూడా గోడల మరమ్మతులో భాగంగానే జరగాలి.