డ్రైవింగ్ టెస్టు తప్పితే ఆరు నెలలు ఆగాలా?

“డ్రైవింగ్ టెస్టులో ఒక్కసారి తప్పితే ఆరు నెలలదాకా మళ్లీ రానివ్వరు, ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) రద్దవుతుంది, మూడుసార్లు తప్పితే ఇక జన్మలో లైసెన్సు రాదు, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ ఉంటే అసలు టెస్టే అక్కర్లేదు.” ఈ సందేశం ఫోన్లలో విస్తృతంగా తిరుగుతోంది. ఇది నమ్మి బెదిరినవారే టెస్టు తప్పించుకునే దారి వెతుక్కుంటూ ఏజెంట్ల చేతికి చిక్కుతారు కనుక, ఇందులోని ఒక్కొక్క మాటనూ చట్టంతో సరిచూడడం అవసరం.

మొదటిది ఆరు నెలల మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 9వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం, టెస్టులో తప్పిన అభ్యర్థిని 7 రోజుల తర్వాత మళ్లీ అనుమతించవచ్చు. ఆరు నెలలన్నది నిజానికి లెర్నర్ లైసెన్సు చెల్లుబాటు గడువు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఈ అపోహ పుట్టి ఉంటుందని నా అభిప్రాయం.

ఎల్‌ఎల్‌ఆర్ రద్దవుతుందన్నది కూడా నిజం కాదు. టెస్టు తప్పినా, గడువు ఉన్నంతవరకు అది చెల్లుతుంది. ఎల్ బోర్డు పెట్టుకొని, లైసెన్సున్న శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకొని సాధన కొనసాగించవచ్చు. అయితే మళ్లీ టెస్టుకు మళ్లీ ఫీజు కట్టవలసిందే.

మూడో మాటలో మాత్రం కొంత ఆధారం ఉంది, కానీ దాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చేశారు. మూడుసార్లు హాజరై మూడుసార్లూ తప్పిన వ్యక్తి, చివరి టెస్టు తేదీ నుంచి 60 రోజులు గడిచేవరకు మళ్లీ హాజరు కాకూడదని అదే ఉపసెక్షన్ చెబుతోంది. అలాంటివారు 12వ సెక్షన్ కిందికి వచ్చే శిక్షణ సంస్థలో లోపాలు సరిదిద్దుకునే శిక్షణ పూర్తిచేయాలన్న షరతును 2019 సవరణ చట్టం దీనికి జోడించింది. శాశ్వత నిషేధం ఎక్కడా లేదు. లెక్క వేసి చూడండి: జనవరి 1న ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నవారు 30 రోజులు నిండాక ఫిబ్రవరి మొదట్లో టెస్టుకు వెళ్లి, వారం చొప్పున ఎడంతో ఫిబ్రవరి మూడో వారానికల్లా మూడుసార్లూ తప్పినా, 60 రోజుల విరామం ఏప్రిల్‌లోనే ముగుస్తుంది, ఎల్‌ఎల్‌ఆర్ గడువు జూన్ చివరిదాకా ఉంటుంది. స్లాట్లు ఆలస్యమై ఆ గడువు దాటిపోతే కొత్త ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి. అది శ్రమే తప్ప శిక్ష కాదు.

ఇక సర్టిఫికెట్ మాట. 2024 జూన్ 1 నుంచి రవాణా కార్యాలయంలో టెస్టు ఉండదన్న ప్రచారం జోరుగా సాగినప్పుడు, నిబంధనల్లో ఏ మార్పూ లేదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది. మామూలు డ్రైవింగ్ స్కూళ్లు ఇచ్చే 5వ నంబరు ఫారం టెస్టు నుంచి మినహాయింపు ఇవ్వదు. 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల కింద ప్రత్యేక గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో కోర్సు పూర్తిచేసి, అక్కడి పరీక్ష నెగ్గి, 5బి ఫారం పొందినవారికే ఆ వెసులుబాటు ఉంది. తేలికపాటి వాహనాల కోర్సు అక్కడ 29 గంటలు. అప్పుడు కూడా లైసెన్సు ఇచ్చేది రవాణా అధికారులే.

లైసెన్సుకు అనర్హుడిగా ప్రకటించే అధికారాన్ని చట్టం 19వ సెక్షన్‌లో ఇచ్చింది. అలవాటుపడిన తాగుబోతు, మాదకద్రవ్యాలకు బానిసైనవాడు వంటి కారణాలున్న ఆ జాబితాలో, కొత్తగా లైసెన్సు కోరేవారు టెస్టు తప్పడం లేదు. మోసంతోనో తప్పుడు సమాచారంతోనో లైసెన్సు సంపాదించడం మాత్రం ఉంది. భయపడవలసింది మూడుసార్లు తప్పి నాలుగోసారికి సాధన చేస్తున్నవారు కాదు, ఏజెంటును నమ్మి ట్రాక్ ఎక్కకుండానే లైసెన్సు తెచ్చుకున్నవారు.