క్యాంపు షూ గారికి ఒక లంకవాసి ఉత్తరం

మహారాజశ్రీ క్యాంపు షూ గారికి,

ఉభయకుశలోపరి. డెన్వర్ నుంచి మా కోనసీమ లంకకు మీరు క్షేమంగానే చేరారు. మా అబ్బాయి పంపిన అట్టపెట్టెలో బాదంపప్పుకీ విటమిన్ మాత్రలకీ మధ్య ఒద్దికగా పడుకుని వచ్చారు. ఇంట్లోనూ బయటా మిమ్మల్నే వేసుకోవచ్చని వాడు ఫోన్లో మరీ మరీ చెప్పాడు. ఆ మాట చెవినపడగానే మా ఆవిడ మిమ్మల్ని రెండు వేళ్ళతో ఎత్తి అరుగు మీదకి సాగనంపింది. ప్రస్తుతం మీ నివాసం అక్కడే కాబట్టి, సంగతులు మీకు నేనే విన్నవించుకోవాలి.

మీ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నానండి. కొండలెక్కేవాళ్ళు పొద్దంతా బరువు బూట్లలో కాళ్ళు ఉడకబెట్టుకుని, సాయంత్రం గుడారం దగ్గర వాటిని విప్పేసి మిమ్మల్ని తొడుక్కుంటారట. లేసుల గోల లేదు, నడుం వంచే పని లేదు. మడమ దగ్గర అంచు తొక్కేస్తే చెప్పు, పైకి లాగితే బూటు. అడుగున రబ్బరు, పైన బొంతలా మెత్త పెట్టి కుట్టిన గుడ్డ. చలికి వేళ్ళు కొంకర్లు పోయే చోట అంతకంటే ఏం కావాలి? కాకపోతే మా వైపు చలి సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. భోగి నాడు తెల్లారుజామున మంట దగ్గర కాసేపు చేతులు కాచుకుంటాం. ఎనిమిదయ్యేసరికి చొక్కా విప్పేసి అరుగు మీద కూర్చుంటాం. మా వీధి పిల్లలు మీకు అప్పుడే ‘బొంత బూట్లు’ అని బారసాల చేసేశారు.

ముందు ఇంట్లో సంగతి. మా ఇళ్ళలో చెప్పులకి వర్ణాశ్రమ ధర్మం ఉందండి. బయటి చెప్పులు మెట్ల దగ్గరే ఆగాలి. బాత్రూం చెప్పులు బాత్రూం గుమ్మం దాటకూడదు. తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన హవాయి జత దొడ్లోకి తప్ప ఎందుకూ పనికిరాదు. ఎర్ర గచ్చు పగలగొట్టి టైల్స్ వేయించుకున్నాక మడమ నొప్పులు ఎక్కువయ్యాయో, డాక్టర్లు ఎక్కువయ్యారో గానీ, ఈ మధ్య నాలుగో వర్ణం ఒకటి పుట్టింది: ఇంట్లో వేసుకునే మెత్త చెప్పులు. వీటికి హాల్లో తిరగడానికి అనుమతి ఉంది. వంటింటి గుమ్మం దగ్గర విప్పాలి. దేవుడి గది వైపు చూడనైనా చూడకూడదు. ఇంత కట్టుదిట్టంగా నడుస్తున్న సంసారంలోకి మీరొచ్చి ‘నాలుగూ నేనే’ అంటే ఎలాగండీ?

మీ దేశంలో పాదుకలు పధ్నాలుగేళ్ళు రాజ్యమేలాయి కదా అని మీరు అడగొచ్చు. ఏలాయి. సింహాసనం మీదే కూర్చుని ఏలాయి. అయోధ్య వంటింట్లోకి మాత్రం వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

అసలు చెప్పు సుఖంగా ఉందా అని మా వైపు ఎవరూ అడగలేదండి. ఎందాకా వేసుకు రావచ్చు అనేదే ప్రశ్న. మా తాతగారికి కిర్రు చెప్పులుండేవి. ఆయన వీధి మలుపులో ఉండగానే ఆ కిర్రు ఇంట్లోకి వచ్చేసేది, కబుర్లు ఆగిపోయేవి. ఆ చెప్పులు కుట్టినాయన మాత్రం అదే వీధిలోకి వచ్చేటప్పుడు తన కాళ్ళవి విప్పి చేత పట్టుకునేవాడు. మా తాత దాన్ని మర్యాద అనేవారు. ఇప్పుడు ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. అరుగు ముందుకొచ్చేసరికి ఎవరి చెప్పులు ఎక్కడ ఆగుతున్నాయో ఓరకంట చూసే కళ్ళు ఇంకా ఉన్నాయి.

సరే, బయటి సంగతి చూద్దాం. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి 1852 నాటికి పూర్తి చేశాడు. కాలవలు పారాయి, చేలు పండాయి. నీళ్ళకి లోటు తీరాక బురదకి మాత్రం లోటెందుకుంటుంది? మిమ్మల్ని వేసుకుని చేను గట్టెక్కిన రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. మొదటి పది అడుగుల్లోనే మీ అడుగున గాళ్ళన్నీ పూడిపోయాయి. ఆ బంకమట్టి మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి ఎక్కి నేను అంగుళం పొడుగయ్యాను. తర్వాత మడమ దగ్గర మడతపడే అంచు, మీరు ఎంతో గొప్పగా చెప్పుకునే ఆ అంచు, మెత్తగా లొంగిపోయింది. కాలు నాతో వచ్చేసింది, మీరు నోరు తెరుచుకుని అక్కడే ఉండిపోయారు. మిమ్మల్ని పీకి బోరింగు కింద పెడితే మట్టి పోయింది గానీ, బొంత నీళ్ళు తాగేసింది. శ్రావణ మాసం ముసురులో అది ఎక్కడ ఆరుతుందండీ? ఆ ముక్కిన వాసనకి మా కుక్క కూడా అరుగు దిగి వెళ్ళి పడుకుంది.

మీ రాష్ట్రంవారే ఇంకొకరు ఉన్నారు, 2002లో కొలరాడోలో మొదలైన క్రాక్స్ వారు. ఆ చిల్లుల చెప్పులు, వాటిని చూసి చేసిన నకళ్ళు అమలాపురంలో కుప్పలుగా దొరుకుతాయి. ఆ నురుగు రబ్బరు నీళ్ళు తాగదు, చెంబుడు నీళ్ళు పోస్తే శుభ్రం, చేత పట్టుకున్నా బరువనిపించదు. మా వైపు చెప్పులు సగం దూరం చేతిలోనే నడుస్తాయి కాబట్టి అది చిన్న గుణమేం కాదు. అయితే ఎండలో మరిచిపోతే ముడుచుకుని ఒక సైజు తగ్గుతాయి. అడుగు అరిగితే పాచి పట్టిన దొడ్లో మనల్ని నేరుగా నూతి గట్టుకి చేరుస్తాయి. చిల్లుల్లోంచి దోమలకి భోజన సదుపాయం సరేసరి.

వాటికి ఇంకో విద్య కూడా వచ్చు, తేలడం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు చూశాను. అరుగు మీదకి నీళ్ళొచ్చాయి. బయటివి, బాత్రూంవి, దొడ్లోవి, హాల్లోవి, తేలగలిగినవన్నీ కలిసికట్టుగా లేచి, గేటు దాటి అంతర్వేది దారి పట్టాయి. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు. మా వర్ణాశ్రమ ధర్మం కూడా అందాకానే పనిచేస్తుందని ఆ రోజు తెలిసింది. బడిలో పెట్టిన వరద శిబిరంలో పడుకున్న చోటి నుంచి కుళాయికి, కుళాయి నుంచి భోజనాల వరసకి అందరం దొరికిన చెప్పుతోనే తిరిగాం. గుమ్మం దగ్గర విప్పమన్నవాళ్ళు లేరు. అక్కడ ఉండాల్సిందండి మీరు. మా ఆవిడే మిమ్మల్ని వెతికి తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టేది.

కాబట్టి మీవాళ్ళకి నా మాటగా చెప్పండి. బొంత పీకేయాలి. అడుగున గాళ్ళు లోతుగా, ఎడంగా ఉంటే కాలు విదిలించగానే మట్టి రాలుతుంది. మడమకి మడతపడే అంచు బదులు గట్టి పట్టీ పెట్టాలి, అక్కర్లేనప్పుడు ముందుకి తిప్పేసుకుంటాం. సైజు చూసేది సాయంత్రం పూట, కాస్త వాచిన కాలికి చూడాలి. పొద్దున కొన్నది రాత్రికి కరుస్తుంది. ధర మాత్రం దొంగకి ఆశ పుట్టించేలా ఉండకూడదు. ఫంక్షన్ హాలుకి కొత్త జతతో వెళ్ళి ఎవరిదో అరిగిన జతతో తిరిగొచ్చే పెళ్ళిళ్ళు మా వైపు మామూలే. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, రేవుల దగ్గర చెప్పుల గుట్టలు పడతాయి. అప్పటికి మీ సవరించిన జత వస్తే నేనే ముందు కొంటాను.

ఇట్లు,
ప్రస్తుతానికి ఒట్టి కాళ్ళతో ఉన్న,
ఒక లంకవాసి

తా.క.: మీ ఎడమవారిలో ఒక కప్ప దిగింది. అద్దె అడగలేదు, ఖాళీ చేయమనీ అనలేదు. కుడివారు ఖాళీగానే ఉన్నారని చెప్పాను, ఇంకొకరు చూసుకుని వెళ్ళారు.