టీకా వేసుకుంటే గల్ఫ్ మెడికల్ ఫెయిలవుతుందా?

"హెపటైటిస్ బి టీకా వేయించుకోకండి. టీకాలోని వైరస్ వల్ల యాంటీబాడీలు పుట్టి టెస్ట్ పాజిటివ్ వస్తుంది, గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ కొడతారు." వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది. హెపటైటిస్ బి అంటే వైరస్ వల్ల వచ్చే లివర్ జబ్బు; గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లేముందు చేసే వైద్య పరీక్షే ఈ మెడికల్. ముక్కముక్కగా చూద్దాం.

టీకాలో వైరస్ ఉంటుందట. ఉండదు. వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్‌ను ఈస్ట్ కణాల్లో తయారుచేయించి, శుద్ధిచేసి వాడతారు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన శాన్‌వాక్-బి కూడా అలాంటిదే.

యాంటీబాడీలు ఉంటే పాజిటివ్ అట. అసలు తికమక ఇక్కడే. మెడికల్‌లో చేసేది హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష. అది వెతికేది వైరస్ పైపొరలోని ఆ ప్రోటీన్‌నే, మీ యాంటీబాడీలను కాదు. స్ట్రిప్ మీద గీత పడాల్సిన చోట ల్యాబ్‌లో తయారుచేసిన యాంటీబాడీలు అతికించి ఉంటాయి. రంగు రేణువులు తగిలించిన మరికొన్ని యాంటీబాడీలు సీరంతో (రక్తంలోని పలుచని ద్రవంతో) పాటు పాకుతూ వస్తాయి. నడుమ వైరస్ ప్రోటీన్ దొరికితేనే ఈ రెండూ జతపడి గీత తేలుతుంది. స్ట్రిప్ బదులు ల్యాబ్‌లో చేసే ఎలైసా పరీక్షలోనూ సూత్రం ఇదే. టీకా చివరికి మిగిల్చేది యాంటీబాడీలనే కాబట్టి గీతకు ఆధారమే లేదు. వాటిని కొలిచే పరీక్ష వేరు, దాని పేరు యాంటీ హెచ్‌బీఎస్. అందులో 10 యూనిట్లు (mIU/mL) దాటితే సంతోషించాలి, రక్షణ ఉందన్నమాట!

"మా బావ సూది వేయించుకున్న వారానికే పాజిటివ్ వచ్చింది" అంటారు కొందరు. ఇది కొట్టిపారేసే మాట కాదు. టీకాలోని ప్రోటీన్ కొన్నాళ్లు రక్తంలో తిరుగుతుంది. 18 రోజుల దాకా పరీక్షకు చిక్కిన సందర్భాలున్నాయి. కనుక మెడికల్‌కి నెల ముందే సూది ముగించుకోండి, లేదా మెడికల్ అయ్యాక వేయించుకోండి.

నెల దాటినా పాజిటివే అయితే టీకాను తిట్టి లాభం లేదు, వైరస్ ముందే ఉండి ఉండవచ్చు. తేల్చడానికి యాంటీ హెచ్‌బీసీ పరీక్ష ఉంది. అది వైరస్ లోపలి కోర్ ప్రోటీన్ మీద పుట్టే యాంటీబాడీలను చూస్తుంది. టీకాలో కోర్ ప్రోటీన్ ఉండనే ఉండదు, కాబట్టి టీకా వల్ల ఈ పరీక్ష పాజిటివ్ రాదు. తల్లి నుంచి పుట్టుకలోనే సోకి, ఏ లక్షణమూ లేకుండా ఏళ్లు గడిచినవాళ్లు చాలామంది. యాంటీ హెచ్‌బీసీ కూడా పాజిటివ్ వస్తే ఏజెంటు దగ్గరికి కాదు, లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లి వైరస్ డీఎన్ఏ ఎంతుందో చూపించుకోవాలి.