కౌంట్ సన్యాసం తీసుకున్నాడు సరే, ఇల్లు ఎవరు మోశారు?

ఉత్తర జర్మనీలోని హోల్‌స్టైన్‌ని ఏలిన కౌంట్ (ప్రభువు) నాలుగో అడాల్ఫ్ గురించి ఎక్కడ చదివినా అదే కథ. 1227 జూలై 22న, మాగ్డలీన్ మరియ పండుగ రోజు, బోర్న్‌హోఫెడ్ దగ్గర డెన్మార్క్ రాజు రెండో వాల్డెమార్‌ని ఓడించాడు. గెలిపిస్తే మఠం కడతాను, నేనూ సన్యాసినవుతాను అని యుద్ధం మధ్యలో మొక్కుకున్నాడట, సైనికుల కళ్లలో ఎండ పడకుండా ఆ పునీతురాలే అడ్డు నిలబడిందట. హాంబర్గ్‌లో ఆవిడ పేరున మఠం కట్టించి, 1239లో అన్నీ వదిలి భిక్షమెత్తి బతికే ఫ్రాన్సిస్కన్ సన్యాసుల్లో చేరిపోయాడు. ఎంత గొప్ప వైరాగ్యం అని అందరూ చేతులెత్తి దండం పెట్టడమే.

ఆ గెలుపుని తక్కువ చేయను. వాళ్ల నాన్న మూడో అడాల్ఫ్ 1201లో డెన్మార్క్ వాళ్ల చేతికి చిక్కి, హోల్‌స్టైన్ మొత్తం వదులుకుంటే గానీ బయటపడలేదు, చివరిదాకా తమ వంశపు షౌవెన్‌బుర్గ్ కోటలోనే ఉండిపోయాడు. తండ్రి పోగొట్టుకున్నది కొడుకు తిరిగి సంపాదించాడు, అది చిన్న విషయం కాదు.

నాకు కోపం వచ్చేది ఆ తర్వాతి కథ చెప్పే తీరు మీద. 1239లో ఆయన మఠానికి వెళ్లేసరికి కొడుకులు యోహాన్, గెర్హార్డ్ ఇంకా చిన్నపిల్లలు. వాళ్లకి సంరక్షకుడిగా ఎవరిని పెట్టారో తెలుసా? అల్లుడు ఆబెల్‌ని. బోర్న్‌హోఫెడ్‌లో ఎవరిని ఓడించాడో ఆ వాల్డెమార్ కొడుకే ఈ ఆబెల్. అంతకు రెండేళ్ల ముందు, 1237లో, కూతురు మెక్టిల్డ్‌ని అతనికిచ్చి పెళ్లి చేశారు. అంటే తండ్రి ప్రశాంతంగా ప్రార్థన చేసుకోవడానికి కావలసిన భద్రత ఆ అమ్మాయి పెళ్లితో వచ్చింది. దీన్ని ఎవరూ త్యాగం అనరు, ఆయనది మాత్రం త్యాగం!

భార్య హైల్విగ్ సంగతీ అంతే. ఆ రోజుల్లో చర్చి చట్టం ప్రకారం పెళ్లయిన మగవాడు భార్య ఒప్పుకోకుండా మఠంలో చేరడానికి వీల్లేదు. ఆ మొక్కులో ఆవిడకీ సగం వాటా ఉందన్నమాట. ఆవిడ సొంతంగా సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖకి చెందిన సన్యాసినుల మఠం స్థాపించింది, హాంబర్గ్‌లో హార్వెస్టెహూడె అనే పేట పేరు ఆ మఠం నుంచే వచ్చింది. అయినా కథల్లో ఆవిడ "కౌంట్ గారి భార్య" మాత్రమే.

సన్యాసి అడాల్ఫ్ గురించి ఇంకో కథ చెప్తారు. అడిగి తెచ్చిన పాలకుండతో వీధిలో వెళ్తుంటే కొడుకులు ఎదురుపడ్డారట, సిగ్గుపడి కుండ దాచబోయి, ఆ సిగ్గుకి శిక్షగా పాలు తన నెత్తిన పోసుకున్నాడట. నిజమో కాదో వదిలేయండి. తండ్రిని అలా చూసిన ఆ పిల్లలకి ఎలా అనిపించిందో ఆ కథ ఒక్క మాటైనా చెప్పదు. వాళ్లు ఆయన వినయాన్ని చూపించడానికి మాత్రమే అక్కడ నిలబడ్డారు.

ఇక మెక్టిల్డ్. 1250లో ఆబెల్ ఇంటికి అతిథిగా వచ్చిన అన్న, డెన్మార్క్ రాజు నాలుగో ఎరిక్ హత్యకు గురయ్యాడు, శవాన్ని ష్లై అనే సముద్రపాయలో పడేశారు. ఆబెల్ తనకేం సంబంధం లేదని ప్రమాణం చేసి రాజయ్యాడు, మెక్టిల్డ్ రాణి అయింది. రెండేళ్లు తిరక్కుండానే, 1252లో, ఉత్తర సముద్ర తీరంలో ఉండే ఫ్రిసియన్ల మీదికి దండెత్తి వెళ్లి చచ్చిపోయాడు. సింహాసనం అతని తమ్ముడు క్రిస్టఫర్‌కి పోయింది, ఈమె పిల్లల్ని పక్కన పెట్టేశారు. ఈమె తన తమ్ముళ్లని వెంటేసుకుని కొడుకుల హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడింది, పెద్దవాడికి హోల్‌స్టైన్ పక్కనే ఉన్న ష్లెస్విగ్ డచీ (డ్యూక్ ఏలే ప్రాంతం) దక్కింది, అతను పోయాక రెండోవాడికి. 1261లో లోహెడె దగ్గర ఆ రెండోవాడు మేనమామల అండతో ఏకంగా క్రిస్టఫర్ తర్వాత డెన్మార్క్ రాజైన అతని కొడుకునీ రాజమాతనీ బందీలుగా పట్టుకున్నాడు. అదే ఏడాది అడాల్ఫ్ కీల్‌లో పోయాడు, అదే ఏడాది మెక్టిల్డ్ స్వీడన్‌ని నడిపిస్తున్న బిర్యెర్ యార్ల్‌ని పెళ్లాడింది.

కాబట్టి ఈ కుటుంబం గురించి రాసేవాళ్లు దయచేసి 1239 దగ్గర ఆపకండి. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు హోల్‌స్టైన్, ష్లెస్విగ్ రాజకీయాల్లో జరిగినదాంట్లో ఎక్కువ భాగం ఆయన కూతురి చుట్టూనే తిరిగింది.